మట్టి కావాలి, కుమ్మరి వద్దు: వలస స్థావరాల్లో కుండల పరిశ్రమ పుట్టిన తీరు



ఎవరి పేరిట ఈ సభ జరుగుతోందో ఆ మాస్టారు సిరామిక్స్ పాఠాన్ని పగిలిన పెంకుతో మొదలుపెట్టేవారని ఆయన శిష్యులు చెబుతారు. పెంకును చేతికిచ్చి, ఎందుకు పగిలిందో చెప్పమనేవారట. ఆయన స్మృతికి తగిన విషయంగా, పగిలిన పెంకుల వల్లనే మనకు తెలియవచ్చిన ఒక చరిత్రను ఎంచుకున్నాను. పద్దెనిమిదో శతాబ్దంలోనూ ఆ తరవాతా బ్రిటిష్ వలస స్థావరాల్లో కుండల పరిశ్రమ ఎలా పుట్టింది, ఎక్కడ నిలిచింది, ఎక్కడ కూలిపోయింది అన్నది నేటి ప్రసంగ విషయం. ముఖ్యంగా సిడ్నీ గురించి చెబుతాను. సిడ్నీ అర్థం కావాలంటే ముందు అమెరికాలోని వర్జీనియా, కరోలినా తీరాలకు వెళ్లిరావాలి.

నేను చెప్పదలచినది ఒక్కటే. పాలకులు వలసల నుంచి మట్టి అడిగారు, వలసల్లో గిరాకీ అడిగారు, కుమ్మరిని మాత్రం వద్దన్నారు. అయినా కుమ్మరి నిలిచిన చోట్లున్నాయి. అక్కడ అతన్ని నిలబెట్టినవి మూడు: దూరం, నిత్యావసరం, తన ఆవంలో తానే విఫలమై నేర్చుకునే వ్యవధి.

సముద్రాలు దాటిన మట్టి

1788 జనవరిలో పదకొండు ఓడలు ఖైదీలతో, కావలివాళ్లతో సిడ్నీ కోవ్ చేరాయి. గవర్నర్ ఆర్థర్ ఫిలిప్. ఆ నేల గాడిగల్ ప్రజలది. అక్కడ దొరికే తెల్లటి మట్టిని వాళ్లు ఒంటికి పూసుకోవడం ఫిలిప్ చూశాడు. ఆ ఏడాదే కొంత మట్టిని మూట కట్టించి, లండన్‌లో ఉన్న ప్రకృతి శాస్త్రవేత్త సర్ జోసెఫ్ బ్యాంక్స్‌కు పంపాడు. బ్యాంక్స్ దాన్ని ఇంగ్లండులో పేరుమోసిన కుమ్మరి జోసయా వెడ్జ్‌వుడ్‌కు అందించాడు.

వెడ్జ్‌వుడ్ ఆ మట్టిని పరీక్షించి, కుండల పనికి చాలా మంచిదని తేల్చాడు. 1789లో దానితో చిన్న పతకాలు చేయించాడు. లంగరు పక్కన నిలిచిన ఆశ అనే దేవత శాంతి, కళ, శ్రమలను ఆహ్వానిస్తున్న దృశ్యం వాటి మీద ఉంటుంది. హెన్రీ వెబర్ గీసిన ఆ రూపాన్ని విలియం హ్యాక్‌వుడ్ అచ్చుకు మలిచాడు. మరుసటి ఏడాది ఆ మట్టి గురించి వెడ్జ్‌వుడ్ రాయల్ సొసైటీ పత్రికలో వ్యాసం ప్రకటించాడు. అందులో కొత్త మూలపదార్థం ఉందనుకున్నాడు. చార్లెస్ హాచెట్ అనే రసాయన శాస్త్రవేత్త 1798లో అది నిజం కాదని నిరూపించాడు.

ఈ కథను సిడ్నీ కుండల చరిత్రకు శుభారంభంగా చెబుతుంటారు. నాకు ఇందులో వేరొకటి కనిపిస్తుంది. మట్టి సిడ్నీది, సారె ఇంగ్లండు కుమ్మరుల జిల్లా స్టాఫర్డ్‌షైర్‌ది, పేరు వెడ్జ్‌వుడ్‌ది. ఆ పతకంలోని శ్రమ దేవతకు సిడ్నీలో చేయడానికి కుండల పనేదీ లేదు. అక్కడి మనుషులు అప్పటికి ఇటుకల మట్టి తొక్కుతున్నారు. ఇటుకల పని తెలిసిన జేమ్స్ బ్లడ్‌వర్త్ అనే ఖైదీ పర్యవేక్షణలో, ఊరి చివర బ్రిక్‌ఫీల్డ్ అని పేరుపడ్డ చోట బట్టీలు వెలిశాయి. లాగే పశువులు లేక ఇటుకల బండిని పన్నెండు మంది మనుషులు లాగేవారు. ఒక్కో బండికి 350 ఇటుకలు, ఇంటికప్పు పెంకులైతే 700. గోడకు సున్నం లేక ఆల్చిప్పలు కాల్చారు.

మరో సంగతి చెప్పకుండా ముందుకు పోకూడదు. 1789లో మశూచి వ్యాపించి ఆ తీరంలోని ఆదివాసుల్లో ఎంతోమందిని పొట్టనపెట్టుకుంది. ఇంగ్లండులో ఆ మట్టిని పతకంగా మలుస్తున్న ఏడాదిలోనే, ఆ మట్టి మర్మం మొదట తెలిసిన జనం ఆ నేలమీద రాలిపోతున్నారు. వలసలో ఏ పరిశ్రమ పుట్టుక గురించి చెప్పినా ఆ పక్కన ఈ లెక్క కూడా రాయాలి.

యార్క్‌టౌన్ 'పేద కుమ్మరి'

ఇప్పుడు ఒక అరవై, డెబ్బై ఏళ్లు వెనక్కి, వర్జీనియాకు వెళదాం. వలసల్లో ఎవరెవరు ఏయే వస్తువులు తయారు చేస్తున్నారో తెలపమని లండన్‌లోని వాణిజ్య మండలి గవర్నర్లను అడుగుతుండేది. అక్కడ తయారయ్యే ప్రతి వస్తువూ ఇంగ్లండు వ్యాపారి గిరాకీని తగ్గిస్తుందన్న లెక్కతోనే ఆ ప్రశ్న. వర్జీనియా పాలకుడు విలియం గూచ్ 1730ల్లో పంపిన జవాబుల్లో, యార్క్‌టౌన్‌లో ఒక పేద కుమ్మరి మోటు కుండలు చేస్తున్నాడనీ, పట్టించుకోదగ్గ పనేమీ కాదనీ మళ్లీ మళ్లీ రాశాడు.

ఆ కుమ్మరి పేరు విలియం రోజర్స్. 1739లో అతను చనిపోయాక ఆస్తుల జాబితా రాస్తే అసలు సంగతి బయటపడింది. అతనికి బీరు తయారీ ఉంది, ఓడలున్నాయి, ఊళ్లో పరపతి ఉంది, అమ్మకానికి సిద్ధంగా కుండల నిల్వలున్నాయి. 1970ల్లో పురావస్తు శాస్త్రవేత్తలు అక్కడ తవ్వి బట్టీనీ, గుట్టలకొద్దీ పగిలిన పెంకులనూ బయటపెట్టారు. సుమారు 1720 నుంచి 1745 వరకు అక్కడ పెద్ద ఎత్తున పని సాగింది. సాదా మట్టి పాత్రలతో పాటు ఉప్పుపూత జాడీలూ తయారయ్యాయి.

ఉప్పుపూత అంత తేలిక పని కాదు. బట్టీ వేడి 1200 డిగ్రీలు దాటాక పైనుంచి ఉప్పు చల్లుతారు. ఉప్పులోని సోడియం ఆవిరై, మట్టిలోని ఇసుక గుణంతో కలిసి పాత్ర ఒంటిమీద గాజులాంటి పొరగా పట్టుకుంటుంది. పాత్రలకు బూడిదా మంటా నేరుగా తగలకుండా వాటిని మందపాటి మట్టి పెట్టెల్లో పేరుస్తారు. ఉప్పు ఆవిరి లోపలికి చేరాలి కనుక ఆ పెట్టెలకు కిటికీలు కోస్తారు. ఆ కిటికీల పెట్టెల ముక్కలే యార్క్‌టౌన్ నేలలో దొరికాయి. అంత వేడిని నిలబెట్టాలంటే కట్టె ఎంత కావాలో, మంట రంగు చూసి వేడిని పోల్చడానికి ఎంత అనుభవం కావాలో ఈ సభలో ఉన్న సిరామిక్స్ విద్యార్థులకు చెప్పనక్కర్లేదు. ఆ పని చేసినవాడు పేదవాడూ కాదు, పని తెలియనివాడూ కాదు.

గూచ్ ఎందుకలా రాశాడో అతని మనసులోకి తొంగిచూసి చెప్పలేం. ఫలితం మాత్రం స్పష్టం. లండన్ కన్ను ఆ బట్టీ మీద పడలేదు. పరిశ్రమకు కావలసిన పాతికేళ్ల వ్యవధి దొరికింది. కొత్త పనికి పాలకుడి ప్రోత్సాహం కంటే పాలకుడి మౌనమే ఒక్కోసారి ఎక్కువ మేలు చేస్తుందని ఇక్కడ తెలుస్తుంది.

కరోలినాలో ఓడిన ఆశ

దక్షిణ కరోలినాలో చార్ల్స్‌టన్ దగ్గర కెయిన్‌హాయ్ అనే చోట జాన్ బార్ట్‌లమ్ అనే స్టాఫర్డ్‌షైర్ కుమ్మరి 1760ల్లో పని మొదలుపెట్టాడు. స్వదేశం నుంచి పనివాళ్లను పిలిపించుకున్నాడు. ఈ వార్త వెడ్జ్‌వుడ్ చెవిన పడింది. 1765లో అతను పార్లమెంటు సభ్యుడు సర్ విలియం మెరెడిత్‌కు ఉత్తరం రాస్తూ, అమెరికాలో కుండల కార్ఖానాలు వెలిస్తే మన వ్యాపారం ఏమైపోతుందని ఆందోళన పడ్డాడు. రెండేళ్ల తరవాత అదే వెడ్జ్‌వుడ్ థామస్ గ్రిఫిత్స్ అనే మనిషిని కరోలినా కొండల్లోకి పంపాడు. అక్కడి ఆదివాసులైన చెరోకీల పెద్దల అనుమతితో టన్నుల కొద్దీ తెల్లమట్టి తవ్వించి, చార్ల్స్‌టన్ రేవు మీదుగా ఇంగ్లండుకు తెప్పించుకున్నాడు.

ఒకే మనిషి, ఒకే తీరం. కుమ్మరి వెళితే భయం, మట్టి వస్తే ఆనందం. వెడ్జ్‌వుడ్‌ను దుర్మార్గుడిగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. బానిస వ్యాపారానికి ఎదురుగా నిలిచిన మనిషి అతను, తన విద్యలో మహామహుడు. అంతటి మనిషి ఆలోచన కూడా సామ్రాజ్యపు వ్యాపార చట్రంలోనే నడిచింది.

బార్ట్‌లమ్ చేసింది సాహసం. మీగడ రంగు టీ పాత్రలూ, పింగాణీ కప్పులూ చేశాడు. కెయిన్‌హాయ్ తవ్వకాల్లో దొరికిన ముక్కలను పరీక్షించాక, అమెరికాలో పింగాణీ మొట్టమొదట తయారైన చోట్లలో అది ఒకటని నిర్ధారణ అయింది. ఇంగ్లండులో ఒక వేలంలో 15 పౌండ్లకు ఎవరో కొన్న మూతలేని టీ కూజా ఒకటి బార్ట్‌లమ్ పనే అని తేలింది. 2018లో అది వేలంలో 4,60,000 పౌండ్లు పలికి న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం చేరింది. బతికున్నప్పుడు మాత్రం అతనికి వ్యాపారం నిలబడలేదు. కెయిన్‌హాయ్ వదిలి చార్ల్స్‌టన్, అదీ వదిలి క్యామ్డెన్ చేరి 1781లో కన్నుమూశాడు. పై దేశాలకు పోతే ఏమవుతుందో చూడండంటూ 1783లో పనివాళ్లను ఉద్దేశించి అచ్చువేసిన చిన్న పుస్తకంలో, ఈ వైఫల్యాన్నే వెడ్జ్‌వుడ్ ఉదాహరణగా చూపాడు.

ఫిలడెల్ఫియాలో గూస్ బోనిన్, జార్జ్ మారిస్ కలిసి 1770లో పింగాణీ కార్ఖానా పెట్టారు. ఇంగ్లండు సరుకు బహిష్కరణ నడుస్తున్న రోజులవి, స్థానిక వస్తువు కొనడం దేశభక్తి. బహిష్కరణ సడలగానే ఓడల నిండా చవక సరుకు దిగింది. 1772కల్లా కార్ఖానా మూతపడింది. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అని మన పెద్దలు ఊరికే అనలేదు. ఇక్కడ గుదియ రేవులో లంగరు వేసిన ఓడ.

రోజర్స్ నిలిచి బార్ట్‌లమ్ ఎందుకు కూలిపోయాడు? నా సమాధానం ఇది. రోజర్స్ చేసినవి బీరు జాడీలు, పాలబానలు. బరువు ఎక్కువ, ధర తక్కువ, ఓడలో చోటు బోలెడు తింటాయి. సముద్రం దాటేసరికి కిరాయే ధరను మింగేస్తుంది. ఆ కిరాయే స్థానిక కుమ్మరికి రక్షణ గోడ. టీ కప్పు అలా కాదు. గడ్డి చుట్టి పెట్టెలో పేరిస్తే డజన్లకొద్దీ పడతాయి, ధర ఎక్కువ. అక్కడ బార్ట్‌లమ్ నేరుగా స్టాఫర్డ్‌షైర్‌తో తలపడాల్సి వచ్చింది. తాను పుట్టి పని నేర్చుకున్న ఊళ్లే అతనికి ఎదురు నిలిచాయి.

ఇదే కరోలినాలో ఇంకొక కుండల తయారీ సాగింది. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులూ, అక్కడి ఆదివాసులూ సారె లేకుండా చేత్తో మలిచి, తక్కువ మంటలో కాల్చిన పాత్రలు తోటల పాకల నేలల్లో విస్తారంగా దొరుకుతున్నాయి. వేలాది మంది అన్నం వండుకున్నది వాటిలోనే. ఏ గవర్నర్ నివేదికా వాటిని లెక్కలోకి తీసుకోలేదు, ఏ వ్యాపారీ వాటికి భయపడలేదు. ఆ వలసలో అసలైన స్థానిక పరిశ్రమ అదే అని నేను అనుకుంటాను.

సంకెళ్లతో వచ్చిన చేతిపని

సిడ్నీకి తిరిగి వద్దాం. తొలి దశాబ్దంలో అక్కడ పాత్రలకు కటకట. ఓడ ఏం తెస్తే అది. చైనా పింగాణీ కాంటన్ నుంచి నేరుగానో, కలకత్తా మీదుగానో వచ్చేది. మనకు సంబంధం ఉన్న ఘట్టం ఇక్కడ ఒకటుంది. కలకత్తా నుంచి సారా, బియ్యం, బట్టలు, చైనా పింగాణీ నింపుకుని సిడ్నీకి బయలుదేరిన 'సిడ్నీ కోవ్' అనే ఓడ 1797 ఫిబ్రవరిలో బాస్ జలసంధి దీవుల దగ్గర ఒడ్డున పడింది. సహాయం కోసం పడవలో బయలుదేరిన పదిహేడు మందిలో ఎక్కువమంది లాస్కర్లు, అంటే భారతీయ నావికులు. ఆ పడవ కూడా పగిలిపోతే తీరం వెంట వందల కిలోమీటర్లు నడిచారు. సిడ్నీ చేరింది ముగ్గురే. ఆ వలస ఇళ్లలోని కప్పూ సాసరుల వెనక మనవాళ్ల ప్రాణాలు కూడా ఉన్నాయి.

1800 దాటాక స్థానికంగా సారె తిరిగింది. శామ్యూల్ స్కిన్నర్ అనే కుమ్మరి 1803లో, అప్పుడే మొదలైన 'సిడ్నీ గెజిట్'లో తన సరుకు గురించి ప్రకటన వేయించాడు. ఖైదీగా వచ్చిన థామస్ బాల్ బ్రిక్‌ఫీల్డ్ దగ్గర దాదాపు 1823 వరకు పని చేశాడు. 2008లో జార్జ్ వీధిలో భవనం కట్టడానికి ముందు జరిగిన తవ్వకంలో అతని పనిశాల వ్యర్థాలు కుప్పలుగా దొరికాయి. గిన్నెలు, పాలబానలు, మూతలు, కప్పులు. కొన్నిటికి సీసపు పూత, కొన్నిటికి ఏమీ లేదు. వంకర పోయినవి, ఒకదానికొకటి అతుక్కుపోయినవి, పూత బుడగలు లేచినవి.

ఆ పెంకులే నాకు ఈ చరిత్ర మొత్తంలో అమూల్యమైనవి. ఇంగ్లండు మట్టి అలవాటైన చేయి సిడ్నీ మట్టి ముందు మళ్లీ పాఠం మొదలుపెట్టింది. ఇది ఆరేటప్పుడు ఎంత కుదించుకుపోతుంది, ఎంత మంట తట్టుకుంటుంది, పూత దీనికి పట్టుకుంటుందా, అట్టకట్టి ఊడిపోతుందా? ఈ ప్రశ్నలకు వెడ్జ్‌వుడ్ వ్యాసంలో జవాబు లేదు. అతను మట్టిని ప్రయోగశాలలో చూశాడు. బాల్ దాన్ని యూకలిప్టస్ కట్టె మంటలో, ఆస్ట్రేలియా గాలిలో, వారం వారం చూశాడు. మొదటిది పరీక్ష, రెండోది పరిశ్రమ.

1819లో ఇంకో ఇద్దరు వచ్చారు. జొనాథన్ లీక్, జాన్ మోర్టన్. ఇద్దరూ స్టాఫర్డ్‌షైర్ కుమ్మరులు, దొంగతనం నేరం మీద ద్వీపాంతరం పడ్డవాళ్లు. లీక్‌ది బర్స్లెమ్, అంటే వెడ్జ్‌వుడ్ పుట్టిన ఊరే. స్టాఫర్డ్‌షైర్ చేతిపని గడప దాటకూడదని వెడ్జ్‌వుడ్ పుస్తకం అచ్చువేసిన ముప్పై ఆరేళ్లకు, అదే చేతిపనిని అదే జిల్లా న్యాయస్థానం ప్రపంచపు అవతలి కొసకు ప్రభుత్వ ఖర్చుతో పంపింది. 1820ల్లో లీక్ సొంత పనిశాల పెట్టుకుని తన పాత్రల మీద పేరు ముద్ర వేసుకున్నాడు. వాటిలో అల్లం బీరు సీసాల్లాంటివి నేటికీ మ్యూజియాల్లో ఉన్నాయి. ఖైదీ నంబరుగా దిగిన మనిషి మట్టి మీద తన పేరు తాను రాసుకున్న రోజున సిడ్నీలో కుండల పరిశ్రమ నెలకొందని నేను అంటాను.

సీసాలు, గొట్టాలు

తరవాతి కథ వేగంగా చెప్పుకోవచ్చు. ఐర్లండు నుంచి స్వేచ్ఛగా వచ్చిన ఇనాక్ ఫౌలర్ 1837లో సిడ్నీలో కుదురుకున్నాడు. అతను పట్టుకున్నది అల్లం బీరు సీసాలు, ఊరగాయ జాడీలు, పొగ గొట్టాలు, మురుగు గొట్టాలు. 1850ల్లో నగరం భూగర్భ కాలువలు తవ్వడం మొదలుపెట్టాక, పూత పెట్టిన మట్టి గొట్టానికి గిరాకీ పెరిగింది. గొట్టాన్ని ఇంగ్లండు నుంచి తెప్పించుకోవడం గాలిని మోసుకురావడమే. ఓడలో చోటంతా దాని బోలుతనానికే పోతుంది. ఫౌలర్ పేరు మీద కార్ఖానా ఆయన తరాన్ని దాటి ఇరవయ్యో శతాబ్దంలోనూ నడిచింది.

విక్టోరియాలో బంగారం కోసం జనం ఎగబడ్డ బెండిగోలో స్కాట్లండు కుమ్మరి జార్జ్ డంకన్ గథ్రీ 1858లో మొదలుపెట్టిన కార్ఖానా ఇవాళ్టికీ నడుస్తోంది. బ్లూ మౌంటెన్స్ అవతల లిత్‌గోలో బొగ్గు గనుల పక్కనే 1870ల్లో మరొకటి వెలిసింది. బొగ్గూ మట్టీ ఒకే నేలలో, పక్కనే రైలు. తన పాత్రల మీద అది కంగారూ ముద్ర వేసింది. అంత అనుకూలత ఉన్నా, దిగుమతి సరుకు పోటీతో, 1890ల ఆర్థిక మాంద్యంతో ఆ శతాబ్దం ముగిసేలోపే పాత్రల పని ఆగిపోయింది. టీ కప్పు దగ్గర గుదియ మళ్లీ దిగింది. సీసా, గొట్టం మీద చేయి వేయలేకపోయింది.

మన ప్రశ్న

మిత్రులారా, ఈ చరిత్ర మనకు దూరపు ముచ్చట కాదు. మద్రాసు కూడా ఒక వలస స్థావరంగా మొదలైందే, మన జిల్లాలు చాలాకాలం దాని పాలనలో ఉన్నవే. 1850లో డాక్టర్ అలెగ్జాండర్ హంటర్ అనే వైద్యుడు మద్రాసులో స్థాపించిన చేతికళల పాఠశాలలో ఈ ప్రాంతపు మట్టితో పాత్రల పని నేర్పే ప్రయత్నం జరిగింది. అయితే సిడ్నీకీ మనకూ ఒక మౌలికమైన తేడా ఉంది. సిడ్నీలో కుమ్మరి లేడు, బయటి నుంచి రావలసి వచ్చింది. మనకు ప్రతి ఊళ్లో కుమ్మరి ఉన్నాడు. తరతరాలుగా తన చెరువు మట్టి గుణం తెలిసినవాడు. అతని అనుభవాన్ని ఆధునిక పరిశ్రమకు పునాదిగా వాడుకోవాలన్న ఆలోచన పాలకులకు రాలేదు. స్వతంత్రం వచ్చాక మనకూ అంతగా వచ్చిందని నేను అనుకోను.

ఇవాళ మన నేల నుంచి పలుగురాయి, ఫెల్డ్‌స్పార్, తెల్లమట్టి లారీలకెక్కి ఇతర రాష్ట్రాల కార్ఖానాలకు వెళతాయి. అక్కడ పలకలై, పాత్రలై తిరిగి మన దుకాణాలకు వస్తాయి. ముడిసరుకు పోవడమే తప్పని నేను అనను, వ్యాపారం అంటే ఇచ్చిపుచ్చుకోవడమే. ముడిసరుకుతో పాటు నేర్చుకునే అవకాశం కూడా పోతుంటే మాత్రం అది నష్టం. 1788లో సిడ్నీ మట్టితో పాటు ఓడెక్కింది అదే.

కాబట్టి ఈ వేదిక నుంచి మూడు మాటలు మనవి చేస్తాను. మొదటిది, మన సిరామిక్స్ కోర్సుల్లో ఏ జిల్లా విద్యార్థి ఆ జిల్లా మట్టిని తవ్వి, పిసికి, కాల్చి, ఫలితం రాసిపెట్టాలి. పగిలినదానికీ మార్కులు ఉండాలి, ఎందుకు పగిలిందో చెప్పగలిగితే. రెండోది, చిన్న పరిశ్రమలకు అప్పు ఇచ్చేవారు రెండేళ్లలో లాభం చూపమని అడగకూడదు. రోజర్స్ బట్టీకి దొరికిన పాతికేళ్లు కాకపోయినా, కొన్నిసార్లు ఆవం పాడుచేసుకునే వ్యవధి అయినా ఇవ్వాలి. మొదటి అడుగు పింగాణీ కప్పుతో వేయనక్కర్లేదు. మొక్కల తొట్టి, ఊరగాయ జాడీ, నీటి ఫిల్టరు, దూరం నుంచి తెస్తే కిరాయి మింగేసే ఏ వస్తువైనా దానికి సరిపోతుంది. మూడోది, ఊళ్లలో మిగిలిన కుమ్మరుల విద్యను ఇప్పుడే రాసిపెట్టాలి. ఏ చెరువు మట్టి, ఇసుక ఎంతపాలు, ఆవం ఎలా పేర్చాలి, ఏ కట్టె వేయాలి అన్నది వాళ్ల మాటల్లోనే. కరోలినా బానిసల కుండలను ఎవరూ లెక్క రాయనందున వాళ్ల చేతిపని గురించి ఇవాళ నేలను తవ్వి తెలుసుకోవలసి వస్తోంది. మన కుమ్మరులు మన మధ్యనే ఉన్నారు. వెళ్లి అడిగితే చెబుతారు.

మట్టి ఉన్న ప్రతిచోటా పరిశ్రమ పుట్టదు. ఆ మట్టితో కుస్తీపట్టే మనిషికి తావు ఇచ్చిన చోట పుడుతుంది. ఆ తావు ఇవ్వడం పాలకుల పని మాత్రమే కాదు, బడులది, బ్యాంకులది, కొనుక్కునే మనందరిదీ. పగిలిన పెంకుతో పాఠం చెప్పిన మాస్టారి శిష్యులు ఈ పనికి ముందు నడవాలని కోరుతున్నాను.